ఆరాధన వేళ – సంఘ సహవాసం: తెలుగు గ్రామీణ క్రైస్తవ సంఘాల చరిత్రలో ఒక పార్శ్వం

వ్యాససంగ్రహం:
తెలుగునాట క్రైస్తవ సంఘాల చరిత్రను మతమార్పిడి, విద్య, వైద్యం, అనువాద సాహిత్యం అనే అంశాల ఆధారంగా పరిశీలించిన రచనలు విస్తారంగా ఉన్నాయి. సంఘం ఏ రోజు, ఏ వేళ కూడుకున్నది అనే ప్రశ్న మాత్రం చరిత్రకారుల దృష్టిని అంతగా ఆకర్షించలేదు. ఆరాధన వేళ నిర్ణయం కేవలం సౌకర్యానికి సంబంధించినది కాదనీ, ఎవరు కలిసి కూర్చోగలరు, ఎవరు దూరమవుతారు అన్నది దానిని బట్టే తేలుతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఒంగోలు, డోర్నకల్, హైదరాబాదు ప్రాంతాల అనుభవాలను, ఇంగ్లండులోని పారిష్ ఉద్యమాన్ని, గల్ఫు దేశాల తెలుగు సంఘాలను ఇందుకు ఆధారంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: ఆరాధన, సహవాసం, ఆదివారం, కూలివేళ, డోర్నకల్ అధ్యక్ష మండలం, ప్రేమవిందు, కూడిక.

1. ఉపోద్ఘాతం

తెలుగు బైబిలులో 'సహవాసము' అన్న మాట గ్రీకు భాషలోని 'కొయినోనియా'కు సమానార్థకంగా వాడబడింది. పాలుపంచుకోవడం, ఉమ్మడిగా అనుభవించడం అనేవి గ్రీకు మాటకు మూలార్థాలు. తెలుగు మాటలో కలిసి వసించడం ప్రధానం. రెండింటికీ కావలసిన తొలి షరతు ఒక్కటే: మనుషులు ఒకే సమయంలో ఒకే చోట ఉండాలి. సమయం తన చేతిలో ఉన్నవారికి ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. పాలేరుకు, కూలికి, ఇంటి పనిమనిషికి ఇది చిన్న విషయం కాదు.

ఈ సమస్య సంఘమంత పాతది. కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక పదకొండవ అధ్యాయంలో పౌలు మందలింపు సారాంశం ఇదే. ముందుగా వచ్చినవారు తాము తెచ్చుకున్నది తినివేస్తున్నారు, వెనుక వచ్చినవారు ఆకలితో మిగిలిపోతున్నారు. ఆలస్యంగా వచ్చేవారు పని ముగిస్తే తప్ప కదలలేని బానిసలు, శ్రామికులు అయివుంటారని పలువురు వ్యాఖ్యాతల అభిప్రాయం. ఒకరికొకరు వేచి ఉండమని పౌలు ఆదేశించాడు. వేదాంత చర్చల్లో ఈ అధ్యాయం ప్రభువు బల్ల సంస్కారానికి ప్రమాణంగా నిలిచింది గాని, అందులోని తక్షణ సమస్య వేళకు సంబంధించినదని గుర్తించినవారు తక్కువ.

క్రీ.శ. 112 ప్రాంతంలో బితూనియ పాలకుడు ప్లినీ, చక్రవర్తి ట్రాజనుకు రాసిన లేఖ మరొక సాక్ష్యం. క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడి కీర్తన పాడేవారనీ, విడిపోయి, భోజనానికి మళ్ళీ కలిసేవారనీ అందులో ఉంది. విచారణ కోసం ఇద్దరు దాసీలను హింసించినట్లు కూడా అతడే రాశాడు. వారు సంఘంలో పరిచారికలు. యజమాని లేవకముందు, పని మొదలుకాకముందు ఉన్న కాసింత వ్యవధి వారి సొంతం. తొలి సంఘపు ఆరాధన వేళ ఆ వ్యవధిలో ఇమిడి ఉండడం యాదృచ్ఛికమనుకోలేము.

క్రీ.శ. 321లో కాన్‌స్టంటైన్ ఆదివారాన్ని విశ్రాంతి దినంగా ప్రకటించాడు. న్యాయాధిపతులకు, పట్టణవాసులకు, చేతివృత్తులవారికి అది వర్తించింది. పల్లెల్లో సేద్యం చేసేవారికి మినహాయింపు ఉంది. విత్తే అదును, కోసే అదును తప్పిపోకూడదన్నది అందుకు చూపిన కారణం. ఆదివారపు సెలవు పుట్టుకలోనే పల్లెను వదిలివేసిన సెలవు. పదిహేను శతాబ్దాల తర్వాత తెలుగు పల్లెల్లో తలెత్తిన సంఘర్షణకు ఈ మినహాయింపు ఒక ముందుమాటలా కనిపిస్తుంది.

2. ఒంగోలు: ఆదివారం ఒక తిరుగుబాటు

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది. అంతకుముందే మాదిగ కులానికి చెందిన యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొంది, తన కులంవారిలో బోధన సాగిస్తున్నాడు. సంఘంలో చేరేవారికి విధించిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు.

ఈ మూడింటిలో రెండవది, మూడవది కులానికి, మతానికి సంబంధించినవి. మొదటిది నేరుగా శ్రమకు సంబంధించినది. నాటి గ్రామ వ్యవస్థలో మాదిగవారి పనికి వారపు లెక్క లేదు. కపిల బావికి తోలుబొక్కెన కుట్టడం, కాడికి పట్టెడలు, కాళ్ళకు చెప్పులు, పండుగకు డప్పు, పంటకాలంలో కూలి – రైతు పిలిచినప్పుడు పలకడమే ఆనవాయితీ. ప్రతిఫలం కళ్ళం వద్ద కొలిచే గింజలు. అటువంటి చోట ఏడింట ఒక రోజు రానని చెప్పడం భక్తి ప్రకటన మాత్రమే కాలేదు. తన కాలంలో కొంత భాగం తనదేనని తరతరాల్లో తొలిసారి చెప్పడమైంది. భూస్వాములు, గ్రామాధికారులు దానిని సరిగ్గా ఆ అర్థంలోనే తీసుకున్నారు. క్రైస్తవులైన మాదిగలపై వేధింపులకు ఆదివారం పని నిరాకరణ ఒక ముఖ్య కారణమని ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రచనల ద్వారా, క్లౌ జీవితకథ ద్వారా తెలుస్తున్నది.

ఇక్కడ ఒక వైరుధ్యాన్ని గమనించాలి. ఆదివార నియమం సంఘానికి ఒక ఉమ్మడి దినాన్ని ఇచ్చింది. అదే నియమం, కూలి పోగొట్టుకోలేని నిరుపేదను ప్రతివారం పరీక్షకు నిలబెట్టింది. కరవు ఏడాది అయితే చెప్పనక్కరలేదు. 1876–78 నాటి మహా కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని గుత్తకు తీసుకొని వేలమందికి పని కల్పించాడు. కరవు సడలిన పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. అది బుధవారం. తెలుగు క్రైస్తవ చరిత్రలో అతి పెద్ద కూడికల్లో ఒకటి ఆదివారం నాడు జరగలేదన్న చిన్న సంగతిని చరిత్రకారులు పట్టించుకోలేదు. పల్లె జనం కదిలి రావడానికి పంచాంగంలోని వారం కన్నా పనికాలం, ఆకలికాలం ప్రధానమయ్యాయి.

విస్తారమైన ప్రాంతంలో చెల్లాచెదురుగా ఉన్న సంఘాలను కలిపి ఉంచడానికి క్లౌ మూడు నెలలకొకసారి బోధకులందరినీ ఒంగోలుకు రప్పించేవాడు. ఈ త్రైమాసిక కూటాలు సహవాసానికి మరొక కాలమానాన్ని ఏర్పరచాయి. వారానికి పల్లె, మూడు మాసాలకు ఒంగోలు. జాతరకు నడిచివెళ్ళే అలవాటున్న జనానికి ఈ రెండవ లయ కొత్తది కాదు.

3. డోర్నకల్: దీపాలు పెట్టే వేళ

ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై డోర్నకల్ బాధ్యత స్వీకరించాడు. 1945 జనవరి 1న మరణించేవరకు అక్కడే పనిచేశాడు. ఆయన అధ్యక్ష మండలంలోని జనంలో అత్యధికులు మాల, మాదిగ కులాలకు చెందిన వ్యవసాయ కూలీలు. వీరిలో అక్షరాస్యులు బహు కొద్దిమంది.

పట్టణ దేవాలయంలో ప్రార్థన పుస్తకం ప్రకారం ఆదివారం ఉదయం జరిగే క్రమం ఇక్కడ అక్కరకు రాలేదు. ఉదయం పల్లెలో ఎవరూ ఉండరు. నాట్ల కాలంలో కోడికూతకే చేలకు వెళ్ళి, పొద్దుగూకిన తర్వాత తిరిగివచ్చేవారితో సంఘం ఏర్పడాలంటే ఆరాధన రాత్రికి జరగాలి. అందువల్ల గ్రామీణ సంఘాల్లో సాయంకాల ప్రార్థన ప్రధానమైంది. అదీ ఆదివారానికి పరిమితం కాకుండా ప్రతిదినం జరగడం ఆదర్శంగా నిలిచింది. పగలు పిల్లలకు, రాత్రి పెద్దలకు చదువు చెప్పే పంతులే ఈ ప్రార్థన నడిపేవాడు. బడిపాకే గుడి. ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు చదవడం రానివారు కంఠస్థం చేసి సామూహికంగా చెప్పేవారు. పుస్తకం అక్కరలేని ఆరాధనకు పగటి వెలుతురూ అక్కరలేదు. వేళ మార్పు ఆరాధన రూపాన్నే మార్చిందనడానికి ఇది ఉదాహరణ. చదివే ప్రార్థన స్థానంలో చెప్పే ప్రార్థన, వినే ప్రసంగం స్థానంలో పాడే కథ ముందుకు వచ్చాయి.

సాహిత్య దృష్టితో చూస్తే ఈ పరిణామం మరింత ఆసక్తికరం. రాత్రివేళ కూడి పాడుకోవడం తెలుగు పల్లెకు భజన కూటాల ద్వారా, తత్వాల ద్వారా సుపరిచితం. ఒంగోలు పేరయ్య సైతం క్రైస్తవుడు కాకముందు రాజయోగ మార్గాన్ని అనుసరించినవాడే. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలైనవారు రాగతాళ నిర్దేశంతో రచించిన కీర్తనలు ఈ సంప్రదాయంలో సులువుగా ఇమిడిపోయాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటిలో ప్రాతఃకాల, సాయంకాల కీర్తనలకు ప్రత్యేక స్థానాలున్నాయి. కీర్తన సాహిత్యాన్ని భక్తి, ఛందస్సు, రాగం అనే కొలమానాలతో పరిశీలించిన పరిశోధకులు, ఏ కీర్తన ఏ వేళకు, ఏ స్థితిలో ఉన్న గాయకుల కోసం ఏర్పడిందో కూడా పరిశీలిస్తే కొత్త ఫలితాలు రావచ్చు. అలసిన కూలి జనం పాడుకునే పల్లవికి, పట్టణ గాయక బృందం సాధన చేసిన పాటకు నిర్మాణంలో తేడా ఉండకపోదు.

అయితే సాయంకాల ఆరాధనను అందరికీ సమానంగా అనుకూలించిన ఏర్పాటుగా భావించడం పొరపాటు. చేను నుండి తిరిగివచ్చిన పురుషునికి ఆ వేళ విశ్రాంతి. స్త్రీకి నీళ్ళు తేవడం, దంచడం, వండడం అప్పుడే మొదలవుతాయి. పల్లె సంఘ చరిత్రల్లో 'అందరూ కూడేవారు' అని రాసినచోట 'అందరూ' అన్న మాటలో స్త్రీలు ఎంతవరకు ఉన్నారో ప్రశ్నించుకోవాలి. బైబిలు స్త్రీలు ఇళ్ళకు వెళ్ళి చేసిన బోధను మిషను చరిత్రలు అనుబంధ సేవగా పేర్కొన్నాయి. సమయం దృష్ట్యా చూస్తే అది, గుడి వేళకు రాలేనివారి వద్దకు సంఘమే నడిచి వెళ్ళడం.

మరొక పరిమితి కూడా ఉంది. ప్రభురాత్రి భోజన సంస్కారం అభిషిక్తుడైన గురువు లేనిదే జరగదు. ఒక్కొక్క గురువు కింద అనేక గ్రామాలుండేవి. సంస్కారం ఆయన రాకను బట్టి జరిగేది. నర్సాపురం ప్రాంతంలో 1836 నుండి పనిచేసిన బౌడెన్, బీర్‌ల బ్రదరన్ సంప్రదాయంలో ఈ ఇబ్బంది లేదు. వారికి ప్రతి ఆదివారం రొట్టె విరవడం ఉంది, దానికి అభిషిక్త గురువు అవసరం లేదు. ఒకే జిల్లాలో పక్కపక్క ఊళ్ళలో రెండు సహవాస కాలమానాలు నడిచాయన్నమాట.

అజరయ్య ప్రోత్సహించిన కోత పండుగ వీటన్నిటి కన్నా పల్లెకు దగ్గరైనది. ధాన్యం, కోళ్ళు, కూరగాయలు – చేతికి వచ్చినదాంట్లో కొంత తెచ్చి సమర్పించే ఆ దినం వ్యవసాయ కాలచక్రం మీదనే ఆధారపడింది. కాన్‌స్టంటైను శాసనం సేద్యగాడిని సెలవు నుండి తప్పించింది. కోత పండుగ సేద్యపు పనినే పండుగకు కారణం చేసింది.

4. శుక్రవారపు రాజ్యంలో ఆదివారం

డోర్నకల్, మెదక్ రెండూ నిజాం రాజ్యంలోనివి. అక్కడ ప్రభుత్వ కార్యాలయాలకు వారపు సెలవు శుక్రవారం. బ్రిటిష్ ఆంధ్ర జిల్లాల్లో ఉద్యోగికి ఆదివారం సెలవు దొరికేది. 1891 నాటి కర్మాగారాల చట్టం మిల్లు కార్మికులకు కూడా వారానికొక సెలవు ఇచ్చింది. నిజాం రాజ్యంలో సర్కారు కొలువులో ఉన్న క్రైస్తవునికి ఆదివారం పనిదినం. వ్యవసాయ కూలికి ఏ రాజ్యంలోనూ ఏ వారమూ సెలవు లేదు. తెలుగు క్రైస్తవులు ఒకే మత పంచాంగాన్ని పాటిస్తూనే మూడు వేర్వేరు పని పంచాంగాల కింద జీవించారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన మెదక్ మహాదేవాలయం వైభవం గురించి రాసినవారు, ఆ రాజ్యంలో ఆదివారానికి ప్రభుత్వ గుర్తింపు లేదన్న సంగతిని కూడా చేర్చి ఉంటే ఆ వైభవం అర్థం మరికొంత స్పష్టమయ్యేది.

5. ఇంగ్లండు ప్రయోగం, దక్షిణ ఇండియా ఐక్య సంఘం

ఆరాధన వేళను సహవాసం కోసమే బుద్ధిపూర్వకంగా మార్చిన ఉద్యమానికి ఇంగ్లండు వేదికైంది. అక్కడ ఆంగ్లికన్ పారిష్‌లలో ఆదివారం రెండుగా చీలిపోయి ఉండేది. ఉదయం ఎనిమిదింటికి జరిగే సంస్కారానికి కొద్దిమంది భక్తులు వచ్చి, మౌనంగా స్వీకరించి వెళ్ళేవారు. పదకొండింటికి జరిగే ప్రాతఃకాల ప్రార్థనకు కుటుంబాలు వచ్చేవి, కాని అందులో సంస్కారం లేదు. పాలుపంచుకునేముందు ఉపవాసం ఉండాలన్న నియమం పాటించేవారికి పదకొండు గంటలు మరీ ఆలస్యం. తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య ఒకే సంస్కారారాధన జరిపి, వెంటనే అందరూ కలిసి ఫలహారం చేసే పద్ధతి దీనికి పరిష్కారంగా వచ్చింది. హెన్రీ డి కాండోల్ 1927లో న్యూకాజిల్‌లోని సెయింట్ జాన్ దేవాలయంలో దీనిని అమలు చేశాడు. గాబ్రియేల్ హెబర్ట్ సంపాదకత్వంలో 1937లో వెలువడిన 'పారిష్ కమ్యూనియన్' వ్యాస సంపుటి దానికి సిద్ధాంత బలాన్నిచ్చింది. గంటన్నర జరపడంలో ఇంత వేదాంతం ఉందా అని అనిపించవచ్చు. కాని ఆ గంటన్నర జరపడంతో విడివిడిగా ఉన్న రెండు జనసమూహాలు ఒకే బల్ల చుట్టూ చేరాయి.

రోమన్ కతోలిక సంఘంలోనూ ఇదే చిక్కుముడి ఉంది. అర్ధరాత్రి నుండి ఉపవాసం ఉండాలన్న నియమం వల్ల దివ్యపూజ ఉదయానికి పరిమితమైంది. పన్నెండవ పయస్ పోపు 1953లో నియమాన్ని సడలించి సాయంకాల పూజకు అనుమతించాడు. 1957లో ఉపవాసాన్ని మూడు గంటలకు తగ్గించాడు.

1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా ఐక్య సంఘం 1950లో ప్రకటించిన ప్రభురాత్రి భోజన క్రమంలో ఈ ఆరాధనా పునరుద్ధరణ ప్రభావం కనిపిస్తుంది. సిరియను సంప్రదాయం నుండి గ్రహించిన 'సమాధానం' ఇచ్చిపుచ్చుకునే పద్ధతి అందులో చేరింది. ఒకరి అరచేతుల మధ్యకు మరొకరి చేతులు చేరుతూ అది గురువు నుండి సంఘమంతటికీ సాగుతుంది. అంటరానితనం ఆచారంగా ఉన్న సమాజంలో స్పర్శను ఆరాధనలో భాగం చేయడం సామాన్య నిర్ణయం కాదు. అయితే ఆ స్పర్శకు ఇద్దరూ ఒకే వేళకు గుడిలో ఉండాలి. పట్టణాల్లో ఇంగ్లీషు ఆరాధన ఒక గంటకు, తెలుగు ఆరాధన మరొక గంటకు ఏర్పాటైన చోట్ల, అధికారి కుటుంబం, అదే ఇంట్లో పనిచేసే కుటుంబం ఒకే గుడి సభ్యులై ఉండి కూడా ఒకరి చేయి ఒకరు తాకకుండానే ఏళ్ళు గడిచిపోగలవు. దీనిని భాషా సౌకర్యమనే అనాలి. దాని ఫలితాన్ని మాత్రం ఆ పేరుతో దాచడం కుదరదు.

6. హెబ్రోను: విడవని ఆదివారం

బఖ్త్ సింగ్ (1903–2000) నాయకత్వంలో ఏర్పడిన సంఘాలు దీనికి పూర్తిగా భిన్నమైన మార్గం ఎంచుకున్నాయి. 1950 నుండి హైదరాబాదులోని హెబ్రోను వాటికి కేంద్రం. వేళను కుదించడానికి బదులు ఈ సంఘాలు దానిని పొడిగించాయి. ఆదివారపు ఆరాధన గంటల తరబడి సాగి, తర్వాత ప్రేమవిందుతో ముగుస్తుంది. వివిధ కులాలవారు వరుసగా కింద కూర్చొని ఒకే వంట తింటారు. పరిశుద్ధ సమావేశాల్లో ఇది రోజుల తరబడి జరుగుతుంది. సహపంక్తి భోజనం నాటి సంస్కర్తలకు సభల్లో చేసే ప్రకటన. ఇక్కడ అది వారంవారం జరిగే అలవాటు. ప్లినీ లేఖలోని కీర్తన, భోజనం మధ్య విరామం ఇక్కడ లేదు.

ఈ తరహా సంఘాల్లో వాడే 'కూడిక' అన్న మాట ప్రస్తావించదగినది. ఆదివార కూడిక, ఉపవాస కూడిక, ఇంటి కూడిక. కూడు అనే ధాతువుకు చేరడమని అర్థం. కూడు అంటే అన్నం కూడా. ఈ రెండింటికీ వ్యుత్పత్తి సంబంధం కల్పించే సాహసం అవసరం లేదు గాని, ప్రేమవిందు పంక్తిలో రెండర్థాలూ ఒకేసారి వినిపిస్తాయి.

దీర్ఘమైన ఆదివారానికి కూడా మూల్యం ఉంది. రోజంతా ఇవ్వగలిగినవారే ఇందులో పూర్తిగా ఉండగలరు. ఇటీవల నగరాల్లోని పెద్ద సంఘాలు ఒకే ఆదివారం పలు ఆరాధనలుగా విడిపోవడం మరొక చివర. స్థలాభావం, వేర్వేరు షిఫ్టుల్లో పనిచేసేవారి అవసరం అందుకు కారణాలు. హాజరు పెరుగుతుంది. మొదటి ఆరాధనకు వచ్చేవారికి రెండవదానికి వచ్చేవారి ముఖాలు తెలియవు. ఇంగ్లండు పారిష్ ఉద్యమం ఏ చీలికను పూడ్చడానికి బయలుదేరిందో, ఆ చీలికే ఇక్కడ ఎదుగుదలకు గుర్తుగా లెక్కకు వస్తున్నది.

7. గల్ఫు సంఘాలు

కడప, గోదావరి జిల్లాల నుండి కువైటుకు వెళ్ళిన తెలుగువారిలో ఇళ్ళలో పనిచేసే స్త్రీలు, డ్రైవర్లు గణనీయంగా ఉన్నారు. అక్కడ వారపు సెలవు శుక్రవారం. తెలుగు క్రైస్తవ సంఘాలు శుక్రవారమే ప్రధాన ఆరాధన జరుపుతాయి. నిజాం రాజ్యంలో ఆదివారం పాటించడానికి ఇబ్బంది పడినవారి వారసులు అక్కడ శుక్రవారాన్ని ప్రభువు దినం చేసుకున్నారు. కువైటు నగరంలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణను అనేక భాషల సంఘాలు గంటల చొప్పున పంచుకుంటాయి. ఒక భాషవారి కీర్తన ముగిసేసరికి మరొక భాషవారు వాకిట నిలిచి ఉంటారు. అటువంటి చోట ఆరాధన తర్వాత ఆగి మాట్లాడుకోవడానికి కూడా వేళ కేటాయించుకోవాలి. సంయుక్త అరబ్ ఎమిరేట్స్ 2022 జనవరి 1 నుండి వారాంతాన్ని శని, ఆదివారాలకు మార్చింది. శుక్రవారం చుట్టూ అల్లుకున్న సంఘ జీవితాన్ని మళ్ళీ సర్దుకోవలసిన పరిస్థితి అక్కడివారికి ఎదురైంది.

కువైటులో 2015 నాటి 68వ సంఖ్య చట్టం ఇంటి పనివారికి వారానికొక విశ్రాంతి దినాన్ని హక్కుగా గుర్తించింది. ఆ దినం ఏదో, ఆ దినాన బయటకు వెళ్ళవచ్చో లేదో తేలేది మాత్రం యజమాని ఇంటి గుమ్మం దగ్గరే. అలా రాలేకపోయినవారికి ఫోనులో వినిపించే ప్రార్థనే సంఘం. వారు దాన్ని వినేది ఇంట్లో అందరూ నిద్రించాక, లేదా అందరూ లేవకముందు.